బడి కంప్యూటర్లోంచి పోయిన మాటలు

పోయిన సామాన్ల కిటికీ దగ్గర ఇంకమ్మ గెలిచిన తగాదాలు చాలానే ఉన్నాయి గానీ, సంచులు కుట్టే పెద్దమ్మ పని ఆపి మరీ చూసింది మాత్రం టై కట్టుకున్న మనిషితో జరిగిన తగాదానే.

బస్టాండులో మెట్ల కింద పెద్దమ్మ కుట్టుమిషను. దానికి సరిగ్గా ఎదురుగా ఆ కిటికీ. బస్సుల్లో జనం మరిచిపోయినవన్నీ అక్కడికే చేరతాయి. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, కళ్ళజోళ్ళు, ఒంటి చెప్పులు, ఒకసారి చంకకర్ర కూడా వచ్చింది. చంకకర్ర మరిచిపోయిన వాడు బస్సు దిగి ఎలా నడిచి వెళ్ళాడో పెద్దమ్మకి ఈ రోజుకీ అంతుపట్టలేదు. ఆ సామానంతటికీ కాపలా ఇంకమ్మ. ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. ఎవరొచ్చి ఏం పోయిందని చెప్పినా, అంతా విని, చివర్న నెమ్మదిగా “ఇంకా?” అంటుంది. గొడుగు నల్లదండీ అంటే, ఇంకా? పిడి చెక్కదండీ అంటే, ఇంకా? ఆ మాటే పేరై కూర్చుంది. లోపల ఏముందో ముందు తను చెప్పదు. పోగొట్టుకున్న వాళ్ళ నోటే రావాలి. ఇదొక్కటే ఆ కిటికీకి చట్టం.

టై మనిషి వచ్చీ రాగానే పై అరలో ఉన్న తోలు బ్యాగు వైపు వేలు చూపించి, అది తనదే, తొందరగా ఇమ్మన్నాడు. లోపల ఏమున్నాయని ఇంకమ్మ అడిగింది. బట్టలన్నాడు. ఇంకా అంది. అంతే, మనిషి ముఖం కందగడ్డ అయిపోయింది. నా బ్యాగులో ఏముంటే నీకెందుకన్నాడు. తనెవరో తెలుసా అన్నాడు. ఇంకమ్మ పై అధికారి పేరెత్తాడు, ఫోను తీశాడు, ఎవరికీ చెయ్యకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. వెనక వరస పెరిగిపోయింది. ఒక డ్రైవరైతే బస్సు అలా గుర్రుమంటూ ఉండగానే దిగొచ్చి నిలబడ్డాడు.

“నాకెందుకూ అక్కర్లేదండి. బ్యాగు మీదైతే అందులో ఏముందో మీకు తెలుస్తుంది. మీకు తెలుసని నాకు తెలియాలి. అంతవరకే,” అంది ఇంకమ్మ. గొంతు పెంచలేదు. గొంతు పెంచకుండా తగాదా ఎలా ఆడతారో పెద్దమ్మకి వింతగా ఉండేది. ఆవిడ ఇంట్లో ఉప్పు అడగాలన్నా వీధి చివరికి వినపడేది.

అప్పుడు చూసింది ఇంకమ్మ. ఆయన కళ్ళు తనని చూడటం లేదు, వెనకున్న వరసని చూస్తున్నాయి. వెంటనే లేచి పక్క తలుపు గడియ తీసింది. లోపలికి రండి, నా చెవిలో చెప్పండి అంది. ఆయన వంగి ఏదో చెప్పాడు. బ్యాగు కిందికి దిగింది. వెళ్తూ వెళ్తూ మెట్టు మీద ఆగి, ఆ కిటికీ వైపు తల వంచి మరీ వెళ్ళాడు.

ఏం చెప్పాడో ఇంకమ్మ ఎవరికీ చెప్పలేదు. పెద్దమ్మ టీ పోయించి అడిగింది. తెగిపోయిన జిప్పు ఉత్తినే వేసిచ్చి అడిగింది. అలిగి, మాట్లాడటం మానేసి చూసింది. తోలు బ్యాగులో ఏముందో తెలియకపోతే అన్నం అరగడం లేదని కూడా చెప్పింది. పోయిన దాని సంగతి పోగొట్టుకున్న వాళ్ళదేనంటుంది తప్ప ఇంకమ్మ పెదవి విప్పలేదు. అప్పటినుంచే పెద్దమ్మకి ఆమె అంటే ఒళ్ళుమంట, గౌరవం, రెండూను.

ఇంకమ్మకి ఒక కూతురు, తొమ్మిదో తరగతి. తండ్రికి వేరే ఊళ్ళో వేరే కాపురం ఉంది, ఆయన సంగతి ఇక్కడ అనవసరం. తల్లీకూతుళ్ళు ఒక జిరాక్సు షాపు పైన రెండు గదుల్లో ఉంటారు. బడి వదలగానే పిల్ల నేరుగా బస్టాండుకొచ్చి, పెద్దమ్మ మిషను పక్కన బోర్లించిన బకెట్టు మీద కూర్చుని పాఠాలు రాసుకునేది. మధ్యమధ్య సూదిలో దారం ఎక్కించేది. పెద్దమ్మ కళ్ళు బాగానే ఉన్నాయి, సూదుల బెజ్జాలే ఈ మధ్య చిన్నవి చేస్తున్నారు.

ఒక మధ్యాహ్నం అన్నం వేళ ఇంకమ్మ ఫోను పట్టుకుని కిటికీ మూసొచ్చింది. బడి నుంచి వచ్చిన మెసేజి పైకి చదివింది. తమ విద్యార్థులలో కొందరికి సంబంధించిన కొంత సమాచారం అనుమతి లేని వ్యక్తుల దృష్టికి వచ్చి ఉండవచ్చు, ఇప్పటివరకు దుర్వినియోగం జరిగినట్టు ఆధారాలు లేవు, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.

“కొందరు. కొంత. ఉండవచ్చు,” అంది ఇంకమ్మ. “ఇలా చెప్పినవాడికి నేను చేతిరుమాలు కూడా ఇవ్వను పెద్దమ్మా.”

దొంగలు కంప్యూటర్లు ఎత్తుకుపోయారా అని పెద్దమ్మ అడిగింది. సాయంత్రం పిల్ల వచ్చాక విడమరిచి చెప్పింది. కంప్యూటర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటిలో ఉన్నదీ అక్కడే ఉంది. దానికి ఇంకో నకలు తీసుకుని పోయారు. పిల్లల పేర్లు, పుట్టినరోజులు, ఫొటోలు, ఇంటి అడ్రసులు, ఎవరికి ఏ జబ్బుందో, ఎవరు ఏ బస్సెక్కుతారో, అన్నీ ఒక కంపెనీ వాడి దగ్గర దాచిపెట్టింది బడి. ఆ కంపెనీ వాడు తలుపు సరిగ్గా వేసుకోలేదు.

పెద్దమ్మ ఇది చాలాసేపు నమిలింది. వస్తువు పోతే అరలో ఖాళీ కనపడాలి. ఉన్నచోట ఉండగానే పోవడమేమిటి? పోయిందని ఎలా తెలుస్తుంది? వెనక్కి ఇచ్చేశానని దొంగ అంటే మాత్రం నమ్మేదెలా? ఇంత విచిత్రమైన దొంగతనం తన జన్మలో వినలేదని అందరికీ చెప్పింది. టీ కొట్టువాడికి రెండుసార్లు చెప్పింది.

ఆ తర్వాత ఒక సాయంత్రం పిల్ల దారం ఎక్కిస్తూ, సూది మీద నుంచి కళ్ళెత్తకుండా అడిగింది.

“అమ్మమ్మా, మాటలు కూడా పోతాయా?”

ఏ మాటలే అని పెద్దమ్మ అంది. పిల్ల గొంతు తగ్గించింది. బళ్ళో ఒక మేడం ఉంది, పాఠం చెప్పే మేడం కాదు. పిల్లలు మనసులోవి చెప్పుకుంటే కూర్చుని వింటుంది. ఈ పిల్ల చాలాకాలంగా వెళ్తోంది. చెప్పినవన్నీ ఆ మేడం టైపు చేసుకుంటుంది. ఆ టైపు చేసినవి కూడా ఆ కంపెనీ వాడి దగ్గరే ఉన్నాయేమోనని పిల్ల భయం. అమ్మకి చెప్పొద్దంది.

వినడానికి కూడా జీతమిస్తారని పెద్దమ్మకి అప్పుడే తెలిసింది. ఇన్నేళ్ళుగా ఈ మెట్ల కింద కూర్చుని తను విన్నదానికి ఎంత బాకీ పడ్డారో అనుకుంది. ఆ మేడంకి ఏం చెప్పావే అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. పిల్ల వేళ్ళు చూసింది. దారం బెజ్జంలోకి వెళ్ళడం లేదు, ఎప్పుడూ ఒక్కసారికే ఎక్కించే పిల్ల. నాలుక వెనక్కి లాక్కుంది.

సంచుల పెద్దమ్మ నోట్లో నువ్వుగింజ నానదని బస్టాండంతా అంటారు. నువ్వుగింజల విషయంలో నిజమే కావచ్చు. పసిపిల్లల మాట వేరు.

మర్నాటి నుంచి పిల్లకి కడుపునొప్పి. బడికి వెళ్ళదు. డాక్టరు నొక్కి చూసి ఏమీ లేదన్నాడు. అన్నం కతికీ కతక్కుండా లేచేది, ఫోనులో ఏదైనా మోగితే ఉలిక్కిపడేది. తోటి పిల్లలెవరైనా తన మాటలు చదివేశారేమో, బళ్ళో అడుగుపెడితే అందరూ తనవైపు తిరుగుతారేమో. అది పైకి అనలేదు, కానీ పెద్దమ్మకి చెప్పాలా? ఇంకమ్మకే తెలియలేదు. బెంగ పడి చిక్కిపోతున్న కూతుర్ని చూసి, పరీక్షల భయమనుకుంది.

ఆదివారం పొద్దున బడి హాల్లో తల్లిదండ్రులంతా కూడారు. పెద్దమ్మకి అక్కడేం పని లేదు. కానీ పదిమంది కలిసి అరుచుకునే చోటు తప్పిపోతే ఆవిడకి రోజంతా వెలితిగా ఉంటుంది, అందుకని వెళ్ళింది. పొట్టి కుర్చీలు, గోడలకి పిల్లలు వేసిన గ్రహాల బొమ్మలు. వేదిక మీద ఒక లాయరమ్మ నిలబడింది. ఆవిడ మేనల్లుడు అదే బళ్ళో చదువుతున్నాడట, అందుకని ఉచితంగా వచ్చింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, మాటలు కూడా అలాగే ఉన్నాయి.

ముందు ఒక సంగతి చెప్పింది. బడి వాళ్ళు మీ పిల్లల పేరు మీద ఎవరైనా అప్పులు తీస్తారేమో ఏడాదిపాటు ఉచితంగా కాపలా కాస్తామని మెసేజి పంపారు కదా, అడుగున సన్నక్షరాలు చదివారా అని అడిగింది. ఇది ఒప్పుకుంటే ఇకపై దావా వెయ్యనని అక్కడ రాసి ఉందట. పెయింట్ల షాపాయన ముఖం పాలిపోయింది. ఆయన పొద్దున్నే నొక్కేశాడు. అన్నిటికీ సరే అని నొక్కడం ఆయన అలవాటు.

“అలాంటివి కొన్నిసార్లు చెల్లవు. మీది చెల్లుతుందో లేదో నేను చూస్తాను. అప్పటిదాకా ఆ వేలు జేబులో పెట్టుకోండి,” అంది లాయరమ్మ. హాలంతా నవ్వింది, పెయింట్ల ఆయన తప్ప.

కాపలా మీరే పెట్టుకోవచ్చంది. అప్పులిచ్చేవాళ్ళు చూసే లెక్కల్లో పిల్ల పేరుకి తాళం వెయ్యమని తల్లో తండ్రో అడగొచ్చు. పిల్లకి అప్పుతో పనేముంది, పెద్దదయ్యాక తీయించుకుంటుంది. తర్వాత, సమాచారం మీద నిఘాకి సర్కారు పెట్టిన ఆఫీసు ఒకటుంది, అక్కడ ఫిర్యాదు పెట్టొచ్చు. వాళ్ళు వచ్చి బడినీ కంపెనీనీ నిలదీస్తారు, జరిమానా వేస్తారు. ఆ జరిమానా మన చేతికి రాదు, ఖజానాకి పోతుంది. మరి మనకేం లాభమని ఎవరో అరిచారు. రేపు ఇంకో బడి తలుపు తీసిపెట్టి పడుకోకుండా ఉంటుంది, అదే లాభమంది.

ఇక కోర్టు. ఎవరికి వాళ్ళు వెయ్యొచ్చు, అందరూ కలిసి ఒకే దావా వెయ్యొచ్చు. కలిసి వేస్తే బలం ఎక్కువ, ఖర్చు తక్కువ, ఆలస్యం మాత్రం చాలా. రాజీ కుదిరితే అందరికీ సమానంగా కొంచెం కొంచెం వస్తుంది. కానీ ఒకసారి ఆ రాజీలో ఉన్నాక, నా బిడ్డకి వేరే నష్టం జరిగిందని మళ్ళీ విడిగా వెళ్ళడానికుండదు. విడిగా వెళ్ళాలనుకునేవాళ్ళు గడువు లోపల బయట ఉంటామని చెప్పేయాలి. ఒంటరిగా వెళ్తే పిల్ల పేరు బయటికి రాకుండా దాచమని జడ్జిని కోరొచ్చు. కాకపోతే ఆ పిల్లకి ఫలానా నష్టం జరిగిందని నిరూపించాలి.

పెద్దమ్మకి సగం అర్థమైంది, సగం కాలేదు, అయినా తలూపింది. సంతలో బేరం లాగే ఉంది, గుంపుగా వెళ్తే ఒక ధర, ఒంటరిగా వెళ్తే ఒక ధర.

కలిసి దావాలో చేరేవాళ్ళకి ఒక కాగితం పంచారు. అందులో, మీ బిడ్డకి కలిగిన నష్టాన్ని వివరించండి అని ఒక గడి ఉంది. ఇంకమ్మ అది చూడగానే నిటారుగా కూర్చుంది. ఇది తనకి తెలిసిన పని. ఏం పోయిందో పోగొట్టుకున్నవాళ్ళు చెప్పాలి. చెప్పగలిగితే వస్తువు వస్తుంది. ఇన్నేళ్ళుగా చేస్తున్నది అదే.

ఆ సాయంత్రం ఇంట్లో కూతుర్ని మంచం మీద కూర్చోబెట్టి, తను ఎదురుగా కుర్చీ వేసుకుని మొదలుపెట్టింది. ఆ రోజు మాత్రం ఆమె గొంతు కింద జిరాక్సు షాపు దాకా వినపడిందని తర్వాత ఆ షాపువాడే పెద్దమ్మకి చెప్పాడు. బళ్ళో నీ గురించి ఏమేం ఉన్నాయి? పేరు, ఫొటో, అడ్రసు. ఇంకా? చిన్నప్పటి ఉబ్బసం. ఇంకా? మార్కులు. ఇంకా? పిల్ల ఊరుకుంది. ఇంకా ఏదో ఉందని ఇంకమ్మకి తెలిసిపోయింది. ఎదుటి మనిషి దాస్తుంటే పసిగట్టడమే కదా ఆమె ఉద్యోగం. ఇక ఉడుంపట్టు పట్టింది. అలా పడితే టై మనిషి కూడా తట్టుకోలేకపోయాడు, పద్నాలుగేళ్ళ పిల్ల ఎంత?

“నేను నీ కిటికీ దగ్గరికి రాలేదమ్మా,” అంది పిల్ల. చెప్పులు వేసుకుని మెట్లు దిగి, పెద్దమ్మ గదికి వెళ్ళి తలుపు కొట్టింది.

వెనకాలే ఇంకమ్మ వచ్చేసరికి పెద్దమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. లోపలికి రానివ్వలేదు. ఆవిడకి తిట్టడానికి తీరిగ్గా దొరికిన సందర్భం, వదులుకుంటుందా? కూతురా, గొడుగా అంది. పెంచమంటే పెంచావు గానీ, కిటికీ లోపల కూర్చుని పెంచావంది. ఆ రోజు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి నలుగురిలో సిగ్గుపడుతుంటే తలుపు తీసి లోపలికి పిలిచావు, కన్నబిడ్డ దగ్గరికొచ్చేసరికి ఆ బుద్ధి ఏ బస్సులో మరిచిపోయావంది.

“దానికి ఏమైంది పెద్దమ్మా? మీకు చెప్పిందా?”

పెద్దమ్మ మాట్లాడలేదు. తెలిసిన సంగతి కడుపులో దాచుకున్న పెద్దమ్మని ఇంకమ్మ ఎప్పుడూ చూడలేదు. చూసి, అర్థం చేసుకుని, అక్కడే మెట్టు మీద కూలబడింది. అప్పుడు లోపలి నుంచి పిల్లే వచ్చి, ఆ మేడం సంగతి అంతవరకు చెప్పింది. వెళ్ళినట్టు చెప్పింది. ఏం చెప్పుకుందో చెప్పలేదు.

మర్నాడు ముగ్గురూ లాయరమ్మ దగ్గరికి వెళ్ళారు. మందుల షాపు పక్కన ఇరుకు గది, బల్ల మీద ఫైళ్ళ మధ్య ఒక మొక్క బిక్కుబిక్కుమంటూ ఉంది. వచ్చినవాళ్ళకి ఉన్న కుర్చీలు రెండే. ఒకదాంట్లో పెద్దమ్మ కూర్చుంది, రెండోది మిగతావాళ్ళు చూసుకోవాలి. ఇంకమ్మ ఆ కాగితం తీసి, ఈ గడి నింపలేకపోయాను, ఏం పోయిందో తెలియందే ఏమని అడగాలండీ అంది.

లాయరమ్మ ఆ కాగితం పక్కకి నెట్టేసింది. ఇది చివర్న చేసే పని, మీరు ముందు పెట్టుకున్నారంది.

“పోగొట్టుకున్నది మీరు కాదు. మీది వాళ్ళు దాచారు, వాళ్ళు పోగొట్టారు. ఏమేం ఉన్నాయో, ఏవి పోయాయో చెప్పాల్సింది వాళ్ళు. మీరు అడగాలి, అంతే. అడిగితే జవాబివ్వక తప్పదు, చట్టం ఉంది.”

ఇంకమ్మ కళ్ళు పెద్దవి చేసుకుని వింది. జీవితంలో మొదటిసారి కిటికీకి అవతలి వైపు నిలబడిన మనిషిలా ఉంది. ఎప్పటికి చెప్తారు, అబద్ధం చెప్తే ఏమిటి, కంపెనీ వాడినీ అడగొచ్చా, చెరిపెయ్యమంటే చెరిపేస్తారా, చెరిపారని నమ్మకమేమిటి, ఒకదాని మీద ఒకటి అడిగింది. లాయరమ్మ విసుక్కోలేదు. ఒకటి రెండింటికి తనకీ తెలియదని, చూసి చెప్తానని రాసుకుంది కూడా. తెలియదన్న లాయరుని పెద్దమ్మ అప్పుడే చూసింది. ఆవిడ మీద గురి కుదిరింది.

“ఆ మేడం టైపు చేసినవి పోయి ఉంటే మీ కేసు వేరు,” అంది లాయరమ్మ. “అప్పుడు గుంపులో చేరొద్దు. బయట ఉండి, పేరు దాచుకుని విడిగా వెళ్దాం. పోకపోతే అందరితో పాటే. గడువు దగ్గరికొస్తోంది, అందుకని ముందు బడికి అర్జీ పెట్టాలి. తల్లిగా మీరు అడగండి, ఫైలంతా మీ చేతికే వస్తుంది.”

“అంతానా?” అంది ఇంకమ్మ.

“అంతా. మేడం రాసుకున్నవి కూడా.”

పెద్దమ్మ పక్కనే ఉంది కాబట్టి చూసింది. ఇంకమ్మ ముఖంలో దీపం వెలిగినట్టయింది. ఆ వెలుగు ఏమిటో పెద్దమ్మకి బాగా తెలుసు, తోలు బ్యాగు మీద ఆవిడకీ అలాంటిదే వెలిగింది. పిల్ల గోడకి ఆనుకుని నిలబడి ఉన్నది, నేల వైపు చూస్తోంది. కడుపు మీద చెయ్యి పెట్టుకుంది.

“నేనే అడిగితే?” అంది పిల్ల.

అప్పటిదాకా తల్లి వైపు తిరిగి మాట్లాడుతున్న లాయరమ్మ కుర్చీ తిప్పుకుని పిల్ల వైపు తిరిగింది. నీ వయసు పిల్లలు తమ పేరుతో తామే అడగొచ్చు, జవాబు తమకే పంపమనొచ్చంది. తల్లి ఒప్పుకున్నట్టు సంతకం పెట్టాలి. పిల్లకి తోడుగా పెద్దవాళ్ళొకరు ఉండాలి, వాళ్ళ ఇంటికే జవాబు వస్తుంది. ఆ పెద్దవాళ్ళు తల్లే కానక్కర్లేదు. అలా చేస్తే ఆ కాగితాలు తల్లి చూడాలన్న నియమమేమీ లేదు. మేడం మాటలు పోయాయా, పోలేదా, ఆ ఒక్క ముక్క పిల్ల వచ్చి చెప్తే చాలు, ఏ దారిలో వెళ్ళాలో తేల్చేయొచ్చు.

ఇంకమ్మ ఆలోచించుకుని చెప్తానంది. ఆలోచించుకుని చెప్తాననడం ఆమెకి కొత్త.

తర్వాతి రోజుల్లో కిటికీ దగ్గర వింతలు జరిగాయి. ఒకాయన వచ్చి గొడుగు అన్నాడు, ఇంకమ్మ ఏమీ అడక్కుండా ఒక గొడుగు తీసి ఇచ్చేసింది. అది తనది కాదని ఆయనే మళ్ళీ తెచ్చిచ్చాడు. పెద్దమ్మకి కడుపు తరుక్కుపోయింది గానీ, కడుపు తరుక్కుపోతే ఆవిడ నోరు ఇంకా పదునెక్కుతుంది. పక్కకి పిలిచి, ఏమే, దయ్యం పట్టిందా అంది.

“అది నా గురించే చెప్పుకుని ఉంటుంది పెద్దమ్మా,” అంది ఇంకమ్మ. “నేను సరిగ్గా చూసుకోవట్లేదనో, వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళిపోతాననో. ఇంకేముంటుంది దానికి?”

“లోకంలో నువ్వు తప్ప దానికి ఇంకో సంగతే లేదా? దానికంటూ ఒక బుర్ర లేదా? నీ గురించి కాకపోతే ఏం చేస్తావు? బాధపడతావా?”

ఇంకమ్మకి నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. అవును, బాధపడతాననుకుంటా అంది. మళ్ళీ కిటికీలోకి వెళ్ళి కూర్చుంది. అక్కణ్ణుంచి అరల్లో ఉన్న సామానంతా ఒక్కొక్కటే చూస్తూ ఉండిపోయింది. ఎవరివో, ఏ ఇంటివో, మూతలు మూసి, జిప్పులు బిగించి ఉన్నవన్నీ. వాటిలో చాలావాటి లోపల ఏముందో ఆమెకి తెలుసు. తెలిసినందుకు ఏనాడూ నిద్ర పట్టకుండా పోలేదు. తెలియనిది ఒక్కటి ఉంటే ఎంత బరువో ఇప్పుడే తెలిసినట్టుంది.

మర్నాడు బస్టాండు ఇంకా పూర్తిగా నిండకముందే, పెద్దమ్మ మిషను మీద గుడ్డ తీస్తుండగానే ఇంకమ్మ వచ్చింది. పిల్ల లేదు. ఇంకమ్మ బకెట్టు బోర్లించుకుని కూర్చుని, సంచిలోంచి లాయరమ్మ ఇచ్చిన అర్జీ తీసింది. పిల్ల పేరు పైన ఉంది. కింద తల్లి ఒప్పుదల, ఇంకమ్మ అప్పటికే సంతకం పెట్టేసింది, కాస్త వంకరగా వచ్చింది. దాని కింద తోడు ఉండే పెద్దవారి పేరు, అడ్రసు, సంతకం. అది ఖాళీ.

పెద్దమ్మకి సంగతి అర్థమైంది. అయినా ఊరికే ఒప్పుకుంటే ఆవిడ పెద్దమ్మ ఎందుకవుతుంది?

“నాకు చదువు సరిగ్గా రాదని నన్నెంచుకున్నావా?”

“మీరు కూడబలుక్కుని చదవగలరని నాకు తెలుసు. చదవరని కూడా తెలుసు,” అంది ఇంకమ్మ. “అది మేడం సంగతి మీకు చెప్పింది. రోజూ నా ఎదురుగా కూర్చుని కూడా ఆ సంగతి మీరు నాకు చెప్పలేదు. ఆ రోజు కోపమొచ్చింది. తర్వాత అనుకున్నాను, నాకు కావలసిన మనిషి ఈవిడేనని.”

పెద్దమ్మ మిషను చక్రం మీద లేని దుమ్ము తుడిచింది. గడిలో తన పేరు పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. గడి చాలలేదు, చివరి అక్షరం బయటికి వచ్చింది, ఉండనీ అంది.

ఇంకమ్మ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది గానీ లేవలేదు. జవాబు మీ ఇంటికే వస్తుంది, వచ్చిన రోజున నాకు చెప్పొద్దు, పిల్లని పిలిచి కవరు చేతికివ్వండి అంది. చదువుతున్నంతసేపూ పక్కన కూర్చోండి, ఏడిస్తే ఏడవనివ్వండి, మంచినీళ్ళు దగ్గర పెట్టండి. మాటలు పోయాయా, పోలేదా, తను చెప్పాలనుకున్నప్పుడు వచ్చి నాకు ఆ ఒక్కటీ చెప్తుంది, నేను లాయరమ్మకి చెప్తాను. ఆ తర్వాత ఆ కాగితాలు ఏం చెయ్యాలో దాని ఇష్టం. దాచమంటే మీ దగ్గరే దాచండి, చింపేస్తానంటే చింపనివ్వండి.

కిటికీ దగ్గర అప్పుడే ఎవరో వచ్చి నిలబడి, లోపలికి తొంగిచూస్తూ దగ్గుతున్నారు. ఇంకమ్మ లేచింది. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చి, పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది.

“నేనొచ్చి అడుగుతాను పెద్దమ్మా. నా సంగతి నాకు తెలుసు. మంచి మాటలు చెప్తాను, ఒట్లు పెడతాను, ఏడుస్తాను కూడా. అప్పుడు నా మాట వినకండి. నన్ను బయటికి నెట్టి తలుపు వేసుకోండి.”